ఇతరములు సారు

చింతూరులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆఫీసులో ‘సీనియర్ అసిస్టెంటు గారు’. కూరగాయల దగ్గర ‘బేరం సారు’. చికెన్ కొట్లో ‘కాళ్లూ తలకాయల సారు’. నేను మాత్రం ‘ఇతరములు సారు’ అంటాను. అలాగని ఈయన ఒక్క మనిషి అనుకోకండి. ఐటీడీఏ ఆఫీసు, పక్కన నాలుగు క్వార్టర్లు, నెల మొదట్లో జీతం, నెలాఖరున నీరసం. ఇవన్నీ కలిసిన చోటల్లా ఒక ఇతరములు సారు తయారవుతారు. ఫలానావారని నేను వేలు చూపిస్తే ఈ ఊళ్లోనే అరడజను మంది భుజాలు తడుముకుంటారు.

సారు ప్రాణం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రిజిస్టరు, రెండోది టైగరు.

ముందు రిజిస్టరు సంగతి. గట్టి బైండు, అట్ట మీద సారు పేరు, ఊరు, జిల్లా. జిల్లా దగ్గర మొదట ‘ఖమ్మం’ అని ఉంది. 2014లో చింతూరు వైపు మండలాల్ని పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు అది కొట్టేసి ‘తూర్పు గోదావరి’ అని రాశారు. 2022 ఏప్రిల్లో అదీ కొట్టేసి ‘అల్లూరి సీతారామరాజు’ అని రాశారు. దాని కింద ఇంకో పేరుకి చోటు వదిలారు. జిల్లాలు మారుతున్నాయి గాని రిజిస్టరు మారలేదు. చీమ తలకాయంత అక్షరాలతో రాస్తారు కాబట్టి కాగితం అయిపోదు.

అందులోకి ఎక్కని ఖర్చు భూమ్మీద లేదు. అగ్గిపెట్టె, సూదిదారం, సైకిలుకి గాలి. భద్రాచలం వెళ్లినప్పుడు హుండీలో వేసిన పది రూపాయలు కూడా ఉన్నాయి, పక్కనే ‘రశీదు లేదు’ అన్న రిమార్కుతో సహా. ఇంట్లో చట్టాలు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. ఒక ఫ్యాను కింద ఇద్దరికి తక్కువ కూర్చోకూడదు. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో కొన్న సబ్బుని దారంతో మధ్యకి కోసి సగం బీరువాలో పెట్టాలి. రెండోసారి టీ కావాలన్నవాళ్లు మొదటిసారి పొడినే మళ్లీ మరిగించుకోవాలి.

నవ్వకండి. ఇందులో సగం అవసరమే. చింతపండు కాపుకాలంలోనే ఏడాదికి సరిపడా కొని, గింజ తీయించి, ఉప్పు వేసి జాడీకెత్తే అలవాటు సారుకి ఈ ఊరే నేర్పింది. వానాకాలంలో గోదావరి ఎగదన్ని శబరి వెనక్కి తంతే దారులు మునిగిపోతాయి. రెండు రోజుల్లో టమాటా కంటికి కనిపించదు. ముందుచూపు లేనివాడు చింతూరులో కాపరం చేయలేడు.

అంత ముందుచూపున్న మనిషికి టైగరు ఎలా తగిలింది?

కరోనా రెండో విడత సద్దుమణిగిన రోజుల్లో రాజమండ్రి నుంచి తోడల్లుడు ఫోన్ చేశాడు. “అన్నగారూ, మా లాబ్రడార్ పిల్లల్ని పెట్టింది. బయట వేలకి వేలు పలుకుతోంది. మీకైతే ఊరికే ఇస్తా.” ఊరికే అన్న మాట వింటే సారుకి కాళ్లు నేల మీద నిలవవు. కారు మాట్లాడుకుని వెళ్లారు. తిరుగు దారిలో రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కేసరికి పిల్లకి కడుపులో తిప్పింది. మలుపుకోసారి సీటు తడిసింది. ఆ రోజు రిజిస్టరులో వరసగా ఇలా ఉంటుంది: ‘కుక్కపిల్ల – ఉచితం. కారు బాడుగ. సీటు కడిగింపు. డ్రైవరు అలక – బిర్యానీ.’

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

మొదటి నెల టైగరు మేత పాకెట్టు భద్రాచలం నుంచి వచ్చింది. కట్ట వెదురు కొమ్ముల మీద ఐదు రూపాయలు తగ్గించమని పావుగంట నిలబడే మనిషి, పాకెట్టు మీద అచ్చువేసిన ధర చూసి నోరెత్తలేదు. ఎమ్మార్పీ అంటే ఆయనకి వేదవాక్కు. బిల్లు మాత్రం ఆఫీసు అలవాటు కొద్దీ అడుగుదాకా చదివారు. జీఎస్టీ 18 శాతం. గేదె దాణాకి పన్ను లేదు, కోళ్ల మేతకి లేదు, కుక్కకీ పిల్లికీ పాకెట్లో వచ్చే మేతకి మాత్రం ఉంది. ఇంకొకరైతే తిట్టుకునేవారు. సారు పొంగిపోయారు. “చూశావటే, గవర్నమెంటు కూడా మన టైగర్ని పశువుల్లో కలపలేదు!”

అమ్మగారు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడని రోజుల్నే సారు జాగ్రత్తగా గమనించాల్సింది.

ఇప్పుడు ‘ఇతరములు’ సంగతి. రిజిస్టరులో బియ్యం, కూర, పాలు, చదువులు, దుస్తులు, వైద్యం, మరమ్మతులు, అతిథి మర్యాదలు, ఇతరములు అని పద్దులుంటాయి. టైగరుకి విడిగా పద్దు తెరిస్తే నెలాఖరుకి కింద మొత్తం కనిపిస్తుంది, ఆ మొత్తాన్ని అమ్మగారు చూస్తారు. ఇన్నేళ్లు ఆడిట్ పార్టీలకి కాఫీలు పోసిన అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. కుక్క బిస్కట్లు ‘అతిథి మర్యాదలు’లోకి వెళ్లాయి. మెడపట్టీ, గొలుసు ‘దుస్తులు’లోకి. పిడుదుల మందు ‘ఇంటి మరమ్మతులు’లోకి. నట్టల మాత్రలు ‘వైద్యం – కుటుంబం’లోకి. షాంపూ, బంతి, కొరకడానికి రబ్బరు బొమ్మ, ఆ బొమ్మని కొరికేశాక ఇంకో బొమ్మ ‘ఇతరములు’లోకి. ఏడాది తిరక్కుండా ఇతరములు బియ్యాన్ని దాటిపోయింది.

దసరా ముందు అమ్మగారు రిజిస్టరు తిరగేశారు.

“ఏమండీ, ఈ ఏడాది దుస్తుల పద్దు బాగా పెరిగింది. ఎవరికి కుట్టించారు?”

సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తుడవడం చాలాసేపు సాగింది.

మేత ఖర్చు తగ్గించాలని సారు ప్రయత్నించకపోలేదు. ఇంటి వంటే పెడదామన్నారు. చికెన్ కొట్లో ఇంటికి అరకిలో కొని, కుక్కకని కాళ్లూ తలకాయలూ ఊరికే అడిగారు. కొట్టువాడు కొన్నాళ్లు ఇచ్చాడు. తర్వాత మిగతా సార్లు కూడా కుక్కలకని అడగడం మొదలుపెట్టాక వాటికీ రేటు పెట్టాడు. పశువుల డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు: ఉడికించిన కోడి ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, పెట్టొద్దు. ఉల్లిపాయ, చాక్లెట్టు కుక్కకి విషం, దగ్గరకి రానివ్వొద్దు. రెండూ నిజమే. ఆ రోజు నుంచి ఇంట్లో రెండు వంటలు. టైగరుకి ఎముక తీసిన మెత్తటి కండ, పక్కన గుడ్డు, కేరట్ ముక్కలు. ఎముకలు పారేయడం దండగ కనుక అవి ఇంటివాళ్ల పులుసులోకి. ఉల్లి ధర పెరిగిన నెలలో ఆ పులుసులోంచి ఉల్లిపాయ కూడా తప్పుకుంది. “కుక్కకి పడనిది మనకి మాత్రం మంచిదా?” అన్నారు సారు.

వేసవి వస్తే చెప్పక్కర్లేదు. చలిదేశపు జాతి, ఒళ్లంతా దట్టమైన బొచ్చు. చింతూరు ఎండలో రోడ్డు మీద తారు మెత్తబడే రోజుల్లో అది నాలుక బారెడు వేలాడేసి పడుకుంటే సారు గుండె కరిగింది. పిల్లల పరీక్షలప్పుడు కొనని కూలరు ఏప్రిల్లో వచ్చింది. దాని మూతి టైగరు వైపు. గాలి తగలాలనుకున్నవాళ్లు టైగరు పక్కన పడుకోవచ్చు, సారుకి అభ్యంతరం లేదు.

ఇక వెదురు కొమ్ములు తెచ్చే కోయ అవ్వ గురించి చెప్పాలి. జూలైలో తట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది. బేరం ముగిశాక గుమ్మం దగ్గర కూర్చుని మంచినీళ్లు తాగుతూ టైగర్ని చూసింది. టైగరు లేవకుండానే తోక ఊపింది.

“సారూ, గీ కుక్క ఏం పని జేస్తది?”

“కాపలా కాస్తుందవ్వా.”

“ఏం కాస్తది?”

“ఇల్లు.”

అవ్వ ఇంట్లోకి తొంగిచూసింది. ప్లాస్టిక్ కుర్చీలు, పాత టీవీ, గోడ మీద క్యాలెండరు. “ఇంట్ల ఏమున్నయ్ సారూ ఎత్తకపోనీకె?”

నిజమే. ఆ ఇంట్లో దొంగ ఎత్తుకెళ్లదగిన ఖరీదైన వస్తువు టైగరు ఒక్కటే.

అవ్వ అడిగింది వెటకారంతో కాదు. వాళ్ల ఊళ్లో కుక్కంటే పనివాడు. రాత్రి పోడు చేలో జొన్న మీదికొచ్చే అడవిపందుల్ని తరుముతుంది. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లారుజామున ఏరుకోవడానికి వెళితే ముందు నడుస్తుంది, పూల కోసం ఎలుగుబంటి వచ్చి ఉంటే మొరిగి చెబుతుంది. జీతం రెండు పూటలా మిగిలిన జావ. కోడి సంగతి ఇంకా పై మాట. అది నడిచే రొక్కం. పిల్లాడికి హాస్టల్ పెట్టె కొనాలన్నా, జ్వరమొస్తే ఆటో పిలవాలన్నా ఒక పుంజు సంతకి వెళుతుంది. భూమి పండక్కీ, కొత్తల పండక్కీ కోడి కావాల్సిందే. మేతకి పెట్టుబడి లేదు. అడవిలోంచి చెదపుట్ట పెళ్ల తెచ్చి, కోడిపిల్లల ముందు కర్రతో తట్టి దులుపుతారు. తెల్లటి చెదలు రాలుతుంటే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఏరుకుంటాయి. మంచి మాంసకృత్తుల మేత, దాని మీద ఏ శాతమూ లేదు.

అమ్మగారు ఇదంతా అవ్వ దగ్గరే నేర్చుకున్నారు. పెరట్లో నాటుకోళ్లు వేశారు. వేసవి ముందు కొక్కెర తెగులు రాకుండా పశువుల ఆసుపత్రిలో చుక్కల మందు వేయించారు. అప్పుడు సారు అడ్డుపడ్డారు. “కోడికి టీకా ఏమిటే? దండగ.”

“మరి టైగరుకి?”

“అది వేరు.”

ఈ ‘అది వేరు’ అన్న మాట మీద తెలుగునాట ఎన్ని కాపురాలు నిలబడి ఉన్నాయో చెప్పలేం.

గుడ్ల డబ్బు, పుంజుల డబ్బు అమ్మగారి పోపుడబ్బాలో మెంతుల కింద ఉంటుంది. దానికి రిజిస్టరు లేదు. నెలాఖరున సారు ఆ డబ్బా దగ్గరకొచ్చి గొంతు సవరించుకుంటారు. ఆవిడ లెక్కపెట్టకుండానే తీసిస్తారు. మర్నాడు భద్రాచలం బస్సులో టైగరు పాకెట్టు దిగుతుంది. సారు దాన్ని ‘చేబదులు’ అని రాసుకుంటారు గాని, తీర్చిన దాఖలా ఎక్కడా లేదు. పెరట్లో కెలుక్కు తినే పది కోళ్లు వరండాలో కూలరు కింద పడుకున్న ఒక కుక్కని పోషిస్తున్నాయి. ఈ సంగతి కోళ్లకి తెలియదు, సారు ఒప్పుకోరు.

2022 జూలైలో మాత్రం లెక్కలన్నీ తలకిందులయ్యాయి. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. శబరి ఎగదన్నింది, దారులు తెగాయి, బస్సుల్లేవు. పాకెట్టు అడుగంటింది. సారు ఒక పూట అన్నం మానేశారు, టైగరు గురించి దిగులుతో. అమ్మగారు ఏమీ అనకుండా జొన్న జావ కాచి, ఉప్పు పోయేదాకా నానబెట్టి కడిగిన ఎండుచేప ముక్క కలిపి మట్టి మూకుడులో పెట్టారు. టైగరు మూకుడు నాకి, తలకిందులుగా తిప్పి మళ్లీ నాకింది. వరద తగ్గేసరికి దాని ఒంట్లో బద్ధకం పోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక కోతి మీద మొరిగింది. రిజిస్టరులో ఆ రోజుల పేజీలో ‘మేత – లేదు, మిగులు’ అని సారు చేతిరాతతోనే ఉంది.

మొదటి బస్సు తిరగ్గానే పాకెట్టు మళ్లీ దిగింది. అదేమిటి సారూ, జావ బాగానే తింటోంది కదా అని నేనే అడిగాను.

“తింటుందండీ. తినకేం. నలుగురిలో బాగుండొద్దూ?” అన్నారు.

ఆయన తప్పంటే నేను ఒప్పుకోను. పెన్షను దాకా గీసిగీసి బతకాల్సిన మనిషికి లెక్క చూడకుండా ఇవ్వడానికి ఎక్కడో ఒక చోటు కావాలి. పిల్లలకిస్తే చెడిపోతారని భయం, పెళ్లానికిస్తే అలవాటవుతుందని భయం. కుక్కకా భయం లేదు. నాకు కోపమల్లా ఆ ఎముకల పులుసు మీదే.

సారు దగ్గర నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది. ఏటా జూలై 6న, పాశ్చర్ 1885లో ఒక పిల్లాడికి మొదటి రేబిస్ టీకా వేసిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఆ టీకా ఉచితంగా వేస్తారు. చింతూరులో తలుపు తెరవకముందే సారు అక్కడుంటారు. చేతిలో గొలుసు, చంకలో రిజిస్టరు, జేబులో అడగని ఆధార్ జిరాక్సు. వెనక పోడు చేల కుక్కలు తాళ్లతో వస్తాయి. అందరికీ అదే సూది, అదే మందు. ఆ ఒక్క రోజు ఖర్చు గడిలో సారు రాసిన సున్నా అక్షరాలా నిజం.

మీ ఇంట్లో జావ తాగే కుక్క ఉన్నా, పాకెట్టు తినే కుక్క ఉన్నా ఆ రోజు తీసుకెళ్లండి. వరసలో మొదటి చోటు మాత్రం ఆశించకండి.