టీపాత్ర నిరాకరణం: సటీకా తాత్పర్యం

అవతారిక: వెబ్ పేజీలు అడగడానికీ ఇవ్వడానికీ హెచ్‌టీటీపీ అని ఒక శాస్త్రం ఉంది. దానికి అనుబంధంగా, కాఫీ కుండలను దూరం నుంచి నడిపే విధానాన్ని లారీ మాసింటర్ 1998 ఏప్రిల్ 1న ఆర్‌ఎఫ్‌సీ 2324 అనే పత్రంగా వెలువరించాడు. తేదీ చూసి నవ్వే వెసులుబాటు పాఠకులకు ఉంది, వ్యాఖ్యాతకు లేదు. అందులోని ఒక విధిని మేమే పద్యం చేసి మేమే వ్యాఖ్యానిస్తున్నాం కనుక కవికీ వ్యాఖ్యాతకూ తగవు రాదు.

ఆ. కాఫి కాచుమనుచు కబురంప టీపాత్ర
చేతులెత్తి మొక్కి చెప్పె నిట్లు:
నాకు చేతకాదు, నాల్గువందల మీద
పదియెనిమిది తప్పు పట్టుకొనుము.

టీక: కాచుమనుచు = 'బ్రూ' అనే ఆజ్ఞతో; కబురు = నెట్‌వర్కు మీద వచ్చిన కోరిక; టీపాత్ర = టీ మాత్రమే కాచే సర్వరు; నాల్గువందల మీద పదియెనిమిది = 418 అనే జవాబు సంఖ్య.

తాత్పర్యం: టీపాత్రను కాఫీ అడిగితే, నేను టీపాత్రను అంటుంది.

విశేషాలు: 'చేతులెత్తి' అని బహువచనమెందుకు, టీపాత్రకు ఉన్నది ఒకటే పిడి కదా అంటే, రెండో చెయ్యి కొమ్ము.

ఇక అసలు చిక్కు 'తప్పు' దగ్గర. ఈ శాస్త్రంలో 4తో మొదలయ్యే సంఖ్య వస్తే తప్పు అడిగినవాడిది, 5తో మొదలైతే సర్వరుది. లోకప్రసిద్ధమైన 404 కూడా మొదటి తెగదే: లేని పేజీ అడిగావు, నీదే పొరపాటు. మరి 'నాకు చేతకాదు' అని తానే ఒప్పుకున్న పాత్ర, నేరం అడిగినవాడి నెత్తిన రుద్దడం న్యాయమా? ఆ పని నాలో అమర్చలేదనే 501 ఉండగా 418 ఎందుకని పూర్వపక్షం. సమాధానం: 501 లోపాన్ని ఒప్పుకోవడం. టీపాత్రలో లోపమేమీ లేదు, అది నిండుగా టీపాత్రే. మంగలి కొట్టుకెళ్లి ఇడ్లీ అడిగినవాడికి కొట్టువాడు క్షమాపణ చెప్పనక్కర్లేదు. కాఫీ కాచేదే అయ్యుండి ప్రస్తుతానికి పొడి నిండుకుంటే మాత్రం 503 అని తలవంచుకోవాలి.

కాఫీలో కలిపేవాటిలో పాలతో పాటు విస్కీ, రమ్ము కూడా పత్రంలో ఉన్నాయి. కెఫీన్ తీసేసిన కాఫీకి మాత్రం చోటు లేదు. ఫిల్టరు కాఫీ తాగేవారెవరూ దీన్ని ఆక్షేపించరు. పాలు పోస్తుంటే 'ఇక చాలు' అనడానికి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఉండడం గ్రంథకర్త లోకజ్ఞతకు నిదర్శనం.

ధ్వని: దొరికిన ప్రతి పనికీ హెచ్‌టీటీపీని సాగదీసేవారి మీద ఎత్తిపొడుపు. కాఫీ వంక మాత్రమే.

ఉత్తర కథ: 2014 ఏప్రిల్ 1న ఆర్‌ఎఫ్‌సీ 7168 వచ్చి టీ కాచే పద్ధతిని చేర్చింది. అంటే పదహారేళ్లు టీపాత్రకు కాదనడమే తప్ప కాచే విధి లేదు. 2017లో హెచ్‌టీటీపీ కార్యవర్గానికి అధ్యక్షుడిగా ఉన్న మార్క్ నాటింగ్‌హామ్, ఈ వేళాకోళం సంఖ్యను ప్రోగ్రామింగ్ భాషల నుంచి తీసేయమన్నాడు. జనం ఊరుకోలేదు, 418ని కాపాడండంటూ ఉద్యమమే లేచింది. 2020లో పైథాన్ 3.9 దాన్ని తన పట్టికలో కొత్తగా చేర్చుకుంది. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9110 ఆ సంఖ్య ఎదుట 'వాడుకలో లేదు' అని రాసి, మరో అర్థానికి ఇవ్వకుండా అట్టేపెట్టింది. శాస్త్రం లేదన్న వాడుక లోకంలో ఉంటే ఏమనాలి? ఆర్షప్రయోగమని తప్పుకోవడం మా వృత్తిలో ఆచారం.