టెంకాయ లేచింది, దుమ్మూ లేచింది

మా పక్కింటి అబ్బోడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. మొన్న పొద్దున నేను ఉగ్గాని బజ్జీ తింటుంటే వచ్చి, "మామా, హోటల్ కాలిఫోర్నియా పాటకు అసలు అర్థం ఏందో తెలుసునా?" అన్నాడు. తెలీదన్నాను. గొంతు తగ్గించి, "సైతాను గుడి మామా!" అన్నాడు. సాయంత్రానికి అది సైతాను గుడి కాదంట, మత్తుమందంట. మర్నాటికి పిచ్చాసుపత్రి అయింది.

1976లో ఈగల్స్ బృందం పాడిన పాట అది. రాసినవాళ్ళలో ఒకాయన డాన్ హెన్లీ, అమెరికావాళ్ళ అతి మీద రాశామని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆయన మాట వినేదెవరు? రాసినవాడికేం తెలుసు, పాపం!

"సరే, కథ చెప్పు" అన్నాను. రాత్రిపూట ఎడారి దారిలో పోతున్నవాడికి తల బరువెక్కింది. దూరాన దీపం కనబడింది. దిగాడు. ఇక బయటపడలేదు. "ఒరే, ఇది 44వ నంబరు హైవే మీద లారీ తోలే ప్రతి డ్రైవరుకూ తెలిసిందే కదరా!" అన్నాను. అబ్బోడు నన్ను జాలిగా చూశాడు. లోతు తెలియని మనిషిని చూసినట్టు.

లోతు సంగతి అనంతపురం వాళ్ళకా చెప్పేది? మా పల్లెల్లో బోరు వేయించే ముందు పాయింటు పెట్టే ఆయన్ను పిలుస్తారు. ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. ఒకచోట టెంకాయ నిలువునా లేస్తుంది. "ఈడేప్పా జలం!" అంటాడు. రిగ్గు బండి వస్తుంది. ఐదు వందల అడుగులు, ఏడు వందల అడుగులు, బండ కింద బండ. లేచేది తెల్లటి దుమ్ము. రైతు నెత్తిన టువాలు వేసుకుని కూలబడతాడు. పాయింటు పెట్టినాయన సంభావన ముందే జేబులో వేసుకుని ఉంటాడు. "నీ రాత అట్లుందప్పా" అని మోటారుసైకిలు ఎక్కుతాడు.

పాటలకు గూఢార్థం చెప్పేవాళ్ళదీ ఇదే వృత్తి. రాక్ అంటే బండే కదా! బండ దొరికితే చాలు, వాళ్ళ చేతిలో టెంకాయ లేస్తుంది.

అమెరికాలో ఎఫ్‌బీఐ చేతిలోనే లేచింది. కింగ్స్‌మెన్ అనే కుర్రవాళ్ళు 1963లో "లూయీ లూయీ" పాడారు. అది ప్రియురాలిని తలుచుకునే ఒక నావికుడి గోడు. గాయకుడి నోట మాటలు నలిగిపోవడంతో, ఏదో బూతు ఉందని 1964లో ఫిర్యాదు వెళ్ళింది. దర్యాప్తు సంస్థ ఆ రికార్డును వేగం పెంచి విన్నది, తగ్గించి విన్నది. చివరకు తేల్చింది: ఏ వేగంలోనూ ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. సర్కారు సొమ్ముతో వెలువడిన సాహిత్య విమర్శలో ఇంత నిజాయితీ నేనింకెక్కడా చూడలేదు.

1982లో కాలిఫోర్నియా శాసనసభ్యులు ఒక కమిటీలో కూర్చుని లెడ్ జెప్పెలిన్ బృందం పాటను వెనక్కి తిప్పించి మరీ విన్నారు, లోపల సైతాను ఉన్నాడేమోనని. మన దేశంలో 'మరా మరా' అని తిప్పితే వాల్మీకి పుట్టాడు. వాళ్ళు తిప్పితే సైతాను పుట్టాడు. ఎవరి ప్రాప్తం వారిది.

బీటిల్స్ బృందంలోని జాన్ లెన్నన్ ఈ అర్థాలు చెప్పే జాతిని బాగా ఎరిగినవాడు. తాను చదివిన బడిలోనే ఒక పంతులు బీటిల్స్ పాటలకు పిల్లల చేత అర్థాలు రాయిస్తున్నాడని తెలిసి, 1967లో కావాలనే తలాతోకా లేని పాట ఒకటి కట్టాడు. దానికీ అర్థాలు రాశారు. ఇంకా రాస్తున్నారు.

మనమేం తక్కువ తిన్నామా? "కవి హృదయాన్ని వివరింపుము" అని పరీక్షలో అడిగి, హృదయానికి ఐదు మార్కులు కట్టిన వాళ్ళం. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించక ముందే ఆయన పద్యాలు ఊరూరా నోళ్ళలో నానుతున్నాయి. చదువురాని కాపుకు కూడా అర్థం కావాలనే ఆయన అట్లా చెప్పాడు. అర్థమైపోతే పండితుల గొప్పేముంది? అందుకని పద్యాల్లో బంగారం చేసే కిటుకు దాగుందన్నారు. ఆశపోతులు కుంపట్లు రాజేసి ఊదారు. బంగారం రాలేదు, బూడిద వచ్చింది. ఆశ వదులుకొమ్మని చెప్పిన పద్యానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదు.

తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం సీమ కరువును 'పెన్నేటి పాట'గా కట్టాడు. దాని మీద ప్రశ్న వేస్తే కుర్రవాడు 'కరుణరసం' అని రాసి మార్కులు తెచ్చుకుంటాడు. పెన్నలో నీళ్ళు లేకున్నా జవాబు పత్రంలో రసానికి కొదవ లేదు.

ఆమధ్య ఒక పల్లెలో, బడి వరండాలో జరిగిన సదస్సుకు వెళ్ళాను. అంశం కప్పతల్లి పాట. వాన పడనప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ పాడుకుంటూ పోతారే, అది. మొదటి ఆచార్యుడు కప్ప ఉభయచరం గనక జీవాత్మ పరమాత్మల వంతెన అన్నాడు. రెండో ఆయన రోకలిలో పురుషాధిక్యత చూశాడు. మూడో ఆయనకు వేపాకులో పర్యావరణ చైతన్యం కనబడింది. ముగ్గురి ముందూ మూడు నీళ్ళ సీసాలు.

తర్వాత ఊరి ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. రెండో చరణం సగంలో బయట ట్యాంకరు హారను మోగింది. పాట వదిలి, కప్ప వదిలి, బిందెల కోసం పరుగెత్తారు. వరండా ఖాళీ. అధ్యక్షుల వారు కళ్ళు మూసుకుని, "చూశారా, ఈ అసంపూర్ణతే జానపద సౌందర్యం" అన్నారు. చప్పట్లు మోగాయి.

అర్థం చెప్పడమే తప్పని నేననను. ఈ జిల్లా రాళ్ళపల్లి వాడే అనంతకృష్ణశర్మ. వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు చదివితే వేమన మరింత మనిషి అవుతాడు. తిరుపతిలో అన్నమయ్య రాగిరేకులు చేతికి వచ్చినప్పుడు వాటి మీద రాగాల పేర్లే ఉన్నాయి, స్వరాలు లేవు. ఆయన గూఢార్థాలు తవ్వుతూ కూర్చోలేదు. ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చి జనం చేత పాడించాడు.

మా అబ్బోడు ఆ హోటలు పాటకు ఇప్పటికి తొమ్మిది అర్థాలు చెప్పాడు. పాడి వినిపించరా అంటే ఒక్క చరణమూ రాదు.

అర్థాలు చెప్పే అయ్యలకు ఒక విన్నపం. ఈసారి మా సీమ పాట జోలికి వచ్చేటప్పుడు టెంకాయ ఇంట్లోనే పెట్టి రండి. ఒక బిందె తెచ్చుకోండి. ట్యాంకరు వరుసలో నిలబడితే, మీ వంతు వచ్చేలోపు మాకు పాట, మీకు అర్థం, రెండూ అయిపోతాయి.