దూరాన్ని కూడా విలీనం చేసేయండి

2025 నవంబరు 25న తెలంగాణ మంత్రివర్గం కూర్చుంది, లేచింది. ఈ రెంటి నడుమ 27 మున్సిపాలిటీలూ కార్పొరేషన్లూ హైదరాబాద్‌లో కలిసిపోవాలని తేలిపోయింది. పొద్దున ఘట్‌కేసర్‌లో నిద్ర లేచినవాడు రాత్రికి కాబోయే హైదరాబాదీగా పడుకున్నాడు. మేడ్చల్, దుండిగల్, ఆదిబట్ల, తుక్కుగూడ, అమీన్‌పూర్, బడంగ్‌పేట, ఎవరూ సామాను సర్దలేదు, పాలు పొంగించలేదు. నగరమే గడప దాకా వచ్చింది. 650 చదరపు కిలోమీటర్ల గ్రేటర్ హైదరాబాద్‌ను రెండు వేలు దాటించే నిర్ణయం అది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలంతా ఒకే నగరం, అందరికీ ఒకే తీరు సేవలు అన్నది సర్కారు చెప్పిన మాట. ఈ మాట విని అందరికంటే ఎక్కువ సంబరపడాల్సింది పిల్లలున్న మధ్యతరగతి కుటుంబాలు. ఏళ్ల తరబడి వాళ్లు అడుగుతున్నది ఒక్కటే. అద్దె భరించేలా ఉండాలి, పిల్లలు వీధిలోకి వెళ్తే గుండె దడ ఉండకూడదు, దగ్గర్లో మంచి బడి ఉండాలి, అలాంటి ఏరియా ఎక్కడుంది? దీనికి బ్రోకర్లు ఇచ్చే జవాబు కూడా ఒక్కటే: ‘సిటీ బయటికి వెళ్లండి సార్’. ఇప్పుడు బయట అనేదే లేకుండా పోయింది. ప్రశ్న తీరకపోయినా జవాబు మాత్రం రద్దయింది.

దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయకూడదు. దూరం అనేది భౌతిక శాస్త్రానికి సంబంధించిన సంగతని ఇన్నాళ్లూ పొరపడ్డాం. అది రెవెన్యూ రికార్డుకు సంబంధించినదని ఈ నిర్ణయంతో తెలిసింది. నగరం పొలిమేరలు కలం పోటుతో జరిగిపోతున్నప్పుడు, నగరం లోపలి దూరాలు మాత్రం ఎందుకు మొండికేయాలి? కాబట్టి సర్కారువారు సగంలో ఆగకుండా ఒక ఆర్డినెన్స్ తీసుకురావాలి. అందులో మొదటి క్లాజు ప్రకారం ఔటర్ లోపల ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరాన్ని ఒక కిలోమీటరుగా భావించాలి. ‘భావించాలి’ అన్న మాట చట్టాలకు కొత్తేమీ కాదు, అది పడితే కోర్టులు కూడా ఒప్పుకుంటాయి. దాంతో ఘట్‌కేసర్‌కు గచ్చిబౌలి పక్క వీధి అవుతుంది. మెట్రో మియాపూర్‌లోనో నాగోలులోనో ఎల్బీనగర్‌లోనో ఆగిపోతోందన్న ఏడుపు ఉండదు. 69 కిలోమీటర్ల మెట్రో, 158 కిలోమీటర్ల ఔటర్‌ను ఎక్కడా తాకకపోయినా ఫరవాలేదు, తాకినట్టు భావిస్తే సరిపోతుంది.

రెండో క్లాజు నిద్ర విలీనం. శివారు కాలనీల్లో పొద్దున ఆరున్నరకు పసుపు బస్సు కోసం నిలబడే పిల్లల్ని చూస్తే ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. యూకేజీ పిల్ల భుజాన బ్యాగు, మెడలో రూటు నంబరున్న ఐడీ కార్డు, నోట్లో సగం ఇడ్లీ. మిగతా సగం తల్లి చేతిలో ఉంటుంది. హారన్ వినగానే అది కుక్కకు పడుతుంది. బస్సెక్కిన పది నిమిషాలకు ఆ పిల్ల తల కిటికీ అద్దానికి ఆనుతుంది. స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా టకటకా కొట్టుకుంటూ స్కూలు గేటు దాకా అలాగే వెళ్తుంది. ఈ బస్సు నిద్రను ఇంటి నిద్రగా పరిగణించాలని ఒక్క వాక్యం రాస్తే చాలు, పిల్లలకు నిద్ర చాలడం లేదన్న ఫిర్యాదు రికార్డుల్లోంచి మాయమవుతుంది.

మూడోది అసలైనది, బడుల విలీనం. ఇక్కడ చిన్న చిక్కుంది. బృహన్ముంబై కార్పొరేషన్ బడులు నడుపుతుంది. చెన్నై కార్పొరేషన్ నడుపుతుంది. అంతెందుకు, విశాఖలోనూ విజయవాడలోనూ మున్సిపల్ బడులున్నాయి. మన గ్రేటర్ మాత్రం చెత్త ఎత్తుతుంది, పన్ను ఎత్తుతుంది, బడి జోలికి పోదు. సర్కారీ బడులన్నీ విద్యాశాఖవి. వాటిని చూసేది జిల్లా విద్యాధికారులు. కొత్త గ్రేటర్ కింద హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి అని నాలుగు జిల్లాలు పడతాయి. అంటే నగరం ఒక్కటవుతుంది గానీ, బడి దగ్గరికొచ్చేసరికి మళ్లీ నాలుగు ముక్కలు. ‘ఒకే తీరు సేవలు’ అన్న మాటలో డ్రైనేజీ ఉంది, వీధి దీపం ఉంది, దోమల మందు ఉంది. తల్లిదండ్రులు ఏరియా వెతికేటప్పుడు మొట్టమొదట అడిగేది మాత్రం ఆ జాబితాలోనే లేదు. అయినా నిరాశ అక్కర్లేదు. మన ఆర్డినెన్స్‌లో ప్రతి సర్కారీ బడినీ ఏదో ఒక పేరున్న ఇంటర్నేషనల్ స్కూల్లో కాగితం మీద విలీనం చేద్దాం. బోరబండలో బెంచీ లేక నేల మీద కూర్చున్న పిల్లవాడు గండిపేట క్యాంపస్ స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చున్నట్టు భావించాలి.

ఇక నాలుగో క్లాజు, అందుబాటు ధర. ఈ విషయంలో మాత్రం కేంద్రం మనకంటే ముందే భావించడం మొదలుపెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి జీఎస్టీ లెక్కలో అందుబాటు ఇల్లంటే 45 లక్షలు మించనిది. అది హైదరాబాద్ లాంటి మహానగరంలో అయితే 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా దాటకూడదు, మిగతా ఊళ్లలో 90 దాకా ఉండొచ్చు. అలాంటి ఇంటికి పన్ను ఒక శాతం, లేకపోతే అయిదు. హైదరాబాద్ ధరలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయినా 45 లక్షల గీత మాత్రం ధ్రువ నక్షత్రంలా కదలకుండా నిలబడింది. ఈ విలీనం గెజిట్‌ను రేపు జీఎస్టీ వారు కూడా శ్రద్ధగా చదివి, మేడ్చల్ సైతం మహానగరమేనని లెక్కగడితే, నిన్నటి దాకా 90 మీటర్లలో ఉన్న అందుబాటు కుటుంబం 60 మీటర్లలోకి ముడుచుకోవాలి. 60 మీటర్లంటే 646 చదరపు అడుగులు. ఒక గది తల్లిదండ్రులకు, ఒక గది పిల్లలకు, హాల్లో అమ్మమ్మ, బాల్కనీలో ఐఐటీ ఫౌండేషన్ కోర్సు. సరిపోతుంది, సరిపోయినట్టు భావిస్తే.

ఇదంతా అన్యాయమైన ఎకసెక్కం అనేవాళ్లు ఉంటారు. విలీనం పరిపాలన సౌకర్యం కోసం, బడుల కోసం కాదు కదా, ఈ రెంటినీ ముడిపెట్టడమేమిటి అని వాళ్ల అభ్యంతరం. పరిపాలన సౌకర్యం ఉంటే ఉండొచ్చు. ఒకే ప్రణాళిక, ఒకే అనుమతుల విధానం ఉంటే మంచిదే. దీన్ని కాదనేవాడు శివారు మున్సిపాలిటీల లేఅవుట్లను చూడలేదన్న మాట. అయితే ఇదివరకు ఇదే పని ఒకసారి చేశాం, ఏమైందో కళ్ల ముందే ఉంది. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలనూ 8 పంచాయతీలనూ కలిపి గ్రేటర్ చేశారు. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్ ఆనాడు అలా నగరమైనవే. ఆ శేరిలింగంపల్లిలో నేడు అద్దె వింటే ఐటీ ఉద్యోగి సైతం ఒక క్షణం ఆగి, మళ్లీ చెప్పమంటున్నాడు. ఆ ధర తట్టుకోలేని కుటుంబాలు నిజాంపేట, అమీన్‌పూర్, తెల్లాపూర్ దారి పట్టాయి. వాళ్లు వెళ్లిన రెండేళ్లకు అక్కడికి పెద్ద స్కూళ్ల బ్రాంచీలు వెళ్లాయి, స్కూళ్ల వెనకాలే హోర్డింగులు, హోర్డింగుల వెనకాలే ధరలు. ఇప్పుడు ఆ మూడూ విలీనం జాబితాలో ఉన్నాయి. కుటుంబం చౌక కోసం పరుగెడుతుంటే నగరం వెంటపడి తరుముతోంది. 18 ఏళ్లలో మారింది పరుగు పొడవే.

ప్రపంచంలో ఏ మహానగరంలోనైనా చౌక ఇల్లు దూరంగానే ఉంటుంది, ఇందులో సర్కారు తప్పేముంది అని ఇంకొక వాదన. ఇల్లు దూరంగా ఉండటం వేరు, బడి దూరంగా ఉండటం వేరు. ఆఫీసు దూరమైతే పెద్దవాళ్లు ఛస్తూ బతుకుతూ వెళ్తారు. ఇంటి దగ్గరే మంచి సర్కారీ బడి ఉంటే, చౌక ఏరియా వెతుక్కున్న కుటుంబం పిల్లల్ని బస్సుకు అప్పజెప్పాల్సిన పని లేదు. ఇల్లు కట్టడంతోనే ఊరు అయిపోదని సర్కారుకు తెలియక కాదు. 2023 జూన్‌లో శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లను ఒకేచోట ప్రారంభించారు. ఇల్లు ఉచితమే, సందేహం లేదు. పనికి నగరంలోకి రావడానికయ్యే ఆటో ఖర్చు మాత్రం లబ్ధిదారుడి వాటా.

ఇక అందరూ కలిసి విసిరే రాయి ఒకటుంది: తల్లిదండ్రులకే కార్పొరేట్ మోజు, సర్కారీ బడి పక్కనే ఉన్నా పంపరు. ఈ మాట వినడానికి ఎంత బాగుంటుందంటే, చెప్పేవాడి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అడగడం మర్చిపోతాం. మోజు నిజమే అయితే కేంద్రీయ విద్యాలయం ముందు క్యూ ఎందుకు? అదీ సర్కారు బడే. అక్కడ ఒక్క సీటు కోసం ఎంపీల ఇళ్ల చుట్టూ తిరిగే రోజులుండేవి. ఒక్కో ఎంపీకి ఏటా పది సీట్ల కోటా ఉండేది, చివరికి 2022లో ఆ కోటానే ఎత్తేశారు. మన గురుకులాల్లో సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలి. టీచర్లు ఉండి, పాఠం జరిగి, మరుగుదొడ్డికి తలుపు ఉంటే జనం సర్కారు బడికి ఎగబడి వస్తారని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కాలనీ బడిని ఒక్క టీచరుతో అయిదు తరగతులకు వదిలేసి, పిల్లలు రావడం లేదని దాన్ని మూసి, ఆపై తల్లిదండ్రుల మోజు మీద ఉపన్యాసం ఇవ్వడం చేతనైన పనే.

ఇక్కడితో ఆర్డినెన్స్ ఆట కట్టిపెట్టాలి. ఎందుకంటే అసలు చట్టం ఉంది. పిల్లవాడి పొరుగున బడి ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. పార్లమెంటు 2009లో విద్యాహక్కు చట్టం చేసింది, అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల ప్రకారం అయిదో తరగతి దాకా బడి ఇంటికి కిలోమీటరులోపు ఉండాలి, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్లలోపు. ఈ కిలోమీటరు భావించే కిలోమీటరు కాదు, ఆరేళ్ల పిల్ల కాళ్లతో నడిచే కిలోమీటరు. మంచి బడి ఉన్న ఏరియాను కుటుంబం వెతుక్కోవాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఏరియా ఏదైనా అక్కడ బడి పెట్టాల్సింది సర్కారని ఉంది. అదే చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వమంది. తెలంగాణ వచ్చాక పదేళ్లపాటు దాన్ని అటకెక్కించారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో, ఫీజు బకాయిల గొడవలతో సహా, అడ్మిషన్లు మొదలై ఏళ్లవుతోంది. ఫీజుల మీద 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు, నివేదిక తీసుకున్నారు, చట్టం చేయలేదు. ప్రభుత్వాలు మారాయి. ఎల్‌కేజీకి లక్ష అడిగే స్కూలు రసీదు పుస్తకం మారలేదు.

పాలకులారా, తల్లిదండ్రుల ఓపికను తేరగా దొరికిన నిధిలా వాడుకున్నారు మీరు. చట్టం మీ నెత్తిన పెట్టిన బాధ్యతను ‘ఎంపిక’ అనే ముద్దు పేరుతో వాళ్ల నెత్తికి మార్చారు. వాళ్లతో మీరనే మాటలివి: మంచి ఏరియా ఎంచుకోలేకపోయారా, తప్పు మీదే. జీతం చాల్లేదా, తప్పు మీదే. పిల్ల బస్సులో వాంతి చేసుకుందా, కాస్త దగ్గర్లో ఇల్లు తీసుకోవాల్సింది. జీతంలో మూడో వంతు అద్దెకు, ఇంకో మూడో వంతు ఫీజుకు పోయే ఇల్లాలి దగ్గరికొచ్చి, శుభాకాంక్షలు, నువ్వు ఇప్పుడు మహానగర పౌరురాలివి అనడానికి సిగ్గు ఉండాలి. ఆమె కట్టే అద్దెలోంచే కొత్త నగరానికి ఆస్తిపన్ను వెళ్తుంది. ఆ డబ్బులో ఒక్క తరగతి గది కట్టే బాధ్యత కూడా ఆ నగరానికి లేదు. ఈ ఏర్పాటును దశాబ్దాలుగా అలాగే ఉంచి, దాని హద్దుల్ని మాత్రం మూడింతలు పెంచారు.

వార్డుల హద్దులు గీసినప్పుడల్లా మ్యాపులు ఎలాగూ తీస్తారు. ఏ కాలనీ ఏ వార్డులో పడితే ఎవరు గెలుస్తారో వీధి వీధికీ లెక్క వేస్తారు, అందులో మన పార్టీలన్నీ ఆరితేరినవే. అదే మ్యాపు మీద ప్రతి సర్కారీ బడి చుట్టూ కిలోమీటరు వ్యాసార్థంతో ఒక గీత గీయించండి. ఆ గీతల్లో దేనిలోనూ పడని కాలనీల జాబితాను, ఉన్న బడుల్లో ఖాళీగా ఉన్న టీచరు పోస్టుల జాబితాతో కలిపి, వార్డుల ముసాయిదాతో పాటే జనం ముందు పెట్టండి. అభ్యంతరాలుంటే చెప్పమని ఎలాగూ గడువు ఇస్తారు కదా. చెబుతారు.