గీజరు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "గీజర్ల సున్నం బట్టింది సార్. ఇప్పి కడగాలె. లేకుంటే రాడ్ వోతది."

అవతారిక: నిజామాబాదులో బోరునీళ్ల మీద బతికే ఒకానొక ఇంట, చలికాలపు తెల్లవారుజామున, అరగంటైనా నీళ్లు గోరువెచ్చ దాటకపోగా ఆ గృహస్థు అడిగిన ప్రశ్నకు, పానా చేతబట్టి స్టూలెక్కిన ప్లంబరు సెలవిచ్చిన ఉత్తరమిది.

ప్రతిపదార్థం: గీజర్ల = చెడిపోయేదాకా ఎవరి కంటా పడని ఆ తెల్లడబ్బాలో; సున్నం = నీళ్లలో కనబడకుండా వచ్చి, కాగగానే బయటపడి, పెచ్చుకట్టే కాల్షియం కార్బొనేటు; పట్టింది = నిన్నా మొన్నా కాదు, ఏళ్లుగా; సార్ = ఓ బిల్లు కట్టువాడా; ఇప్పి = తుప్పుబోల్టులు తిట్టుకుంటూ ఊడదీసి; కడగాలె = కూలి వేరే; లేకుంటే = ఎప్పటిలాగే వాయిదా వేస్తే; రాడ్ = లోపలి హీటింగు ఎలిమెంటు; వోతది = కాలిపోవును.

తాత్పర్యం: పెచ్చు కట్టిన రాడ్డు వేడిని నీళ్లకు సరిగా ఇవ్వలేదు. ఆ వేడి తనలోనే ఉడికి తొడుగు పగులుతుంది. ఆపైన కరెంటు నీళ్లలోకి దిగే ప్రమాదం.

పూర్వపక్షం: ఇంగ్లండులో ఉన్న మేనల్లుడి ఇంట్లో నల్లమడ్డి వచ్చిందట, మనకు తెల్లసున్నమేల? సమాధానం: అక్కడ ఇల్లంతా వెచ్చబరిచే గొట్టాల్లో ఉన్న నీరే మళ్లీమళ్లీ తిరుగుతుంది గనుక ఇనుము తుప్పే మడ్డవుతుంది. మన గీజరుకు రోజూ కొత్తనీరు, నీటితోపాటు రోజూ కొత్త సున్నం.

మరో పూర్వపక్షం: బాత్రూం ఆసిడ్ పోస్తే? ఖండనం: పోతుంది, రాగి తొడుగూ దెబ్బతింటుంది. సిర్కాలోనో, నిమ్మఉప్పు కలిపిన నీళ్లలోనో నానబెట్టి తోమడమే శిష్టాచారం. పక్కనే వేలాడే మెగ్నీషియం రాడ్డు ట్యాంకు బదులు తానే కరగడానికి పెట్టినది. సన్నబడితే అదీ మార్చవలె.

విశేషం: ఈ శాస్త్రం జిల్లాకు కొత్త కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డది, నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు తిని పెరిగింది. చక్కెర కార్ఖానాలో రసం శుద్ధికి తామే సున్నం కలుపుతారు. ఆ రసాన్ని ఆవిరితో చిక్కబరిచే ఇవాపరేటర్ల గొట్టాల లోపల అది రాయిలా పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ రసం చిక్కబడదు, ఆవిరి మాత్రం చాలదు. అంచేత క్రషింగ్ నడుమనే ఆపి, కాస్టిక్ సోడా నీళ్లు మరిగించి, ఒక్కో గొట్టంలో బ్రష్షు దూర్చి తోముతారు. బయట చెరకు బండ్లు ఎంత బారు తీరినా ఆ పని ఆగదు. అంతటి కార్ఖానా సీజన్ మధ్యలో ఆగగా లేనిది, తమరి గీజరు ఒక్కపూట ఆగలేదా అని టీకాకారుడి ఆక్షేపణ.

ప్రయోగవిధి: ముందు ఎంసీబీ దించండి, నీళ్ల వాల్వు కట్టండి, ట్యాంకు ఖాళీ చేయించండి. వాషరు పాతదే వేస్తానంటే ఒప్పుకోకండి. బిగించాక వేడినీళ్ల నల్లా తిప్పి, ధార నిండుగా పడేదాకా స్విచ్చు జోలికి పోవద్దు. ఖాళీ గీజరులో రాడ్డు నిమిషాల్లో కాలుతుంది, ఆ నేరం సున్నం మీదికి తోయలేరు.