ఒక పలక ఆత్మకథ

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు పనుల్లో ఏది ఇష్టమో అడిగితే తేలదు. కథ ఇష్టమా అంటే ఊ అంటారు, అక్షరాలు దిద్దడం ఇష్టమా అన్నా ఊ అంటారు. అడిగిన పెద్దవాళ్ల ముఖం చూసి జవాబిచ్చే వయసు అది. వాళ్ల ఇష్టాన్ని చేతల్లోనే చూడాలి. మార్కాపురం రాతితో తయారై, చెక్క చట్రంలో కోనసీమలోని ఒక అంగన్‌వాడీకి చేరి, ఇప్పుడు తన కథ తానే చెప్పుకుంటున్న ఈ పలక ఆ కొలతలోనే అరిగింది.

కాస్త పెద్ద పిల్లలకు ముఖాల బొమ్మలు పనికొస్తాయి. 1990లో అమెరికాలో మెకెన్నా, కియర్ 1 నుంచి 6వ తరగతి పిల్లల కోసం, చదవడం మీద ఇష్టాన్ని కొలిచే 20 ప్రశ్నల కొలమానం ప్రచురించారు. అందులో గార్‌ఫీల్డ్ పిల్లి ప్రతి ప్రశ్నకూ నాలుగు ముఖాలతో కనిపిస్తుంది. తమ మనసుకు సరిపడిన ముఖానికి పిల్లలు సున్నా చుట్టాలి. అంగన్‌వాడీ ఈడు వాళ్లు మాత్రం ఏ ప్రశ్నకైనా నవ్వు ముఖం మీదే వేలు పెట్టేస్తుంటారు.

వాళ్లకు జతగా చూపి ఒకటి ఎంచుకోమనడం నయం. బొమ్మల పుస్తకం, కథ వినడం, ఇసుకలో అక్షరం, పలక మీద రాత. ఈ నాలుగింటినీ రెండేసి చొప్పున చూపితే 6 జతలు. ఎప్పుడూ ఒకే వైపు చెయ్యి చాచే పిల్లలుంటారు గనక వైపులు మార్చి మళ్లీ చూపాలి, అప్పుడు 12. అన్నీ ఒకే పూట పెడితే విసిగి ఏదో ఒకటి ముట్టుకుని పోతారు.

ఈ పలకను పదే పదే ఎంచుకున్న పాప ఒకతె ఉండేది. ఎంపికలు రాసుకునే పట్టికలో రాతకు బాగానే గుర్తులు పడ్డాయి. పక్కన కూర్చుని చూసిన టీచరుకు అసలు సంగతి తెలిసింది: పాప బలపంతో ఒక్క గీత గీసేది, వెంటనే దొండాకు పసరు పూసి, అరచేత్తో రుద్ది, ఆరేదాకా ఊదేది. ఆమెకు కావలసింది నల్లగా మెరిసే పలక. అందుకే ఏ వస్తువు తీసుకున్నదో రాసుకుంటే చాలదు. దానితో ఏం చేసింది, ఎంతసేపు కూర్చుంది, వదిలేశాక మళ్లీ వచ్చిందా అన్నవీ రాయాలి.

చేతికందని అరలోని పుస్తకాన్ని ఎవరూ ఎంచుకోరు. కొత్త రంగు పెన్సిళ్లను మొదటి రోజు అందరూ ఎంచుకుంటారు. ఈ రెంటినీ ఇష్టాయిష్టాలుగా లెక్కవేయడం పిల్లలకు అన్యాయం. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్లను పునాది దశగా తీసుకుని ఆటపాటలతో నేర్పమన్నది. పిల్లల్ని ఇలా ఓపికగా గమనించకుండా ఆ పని సాగదు.

మొగ్గు తక్కువగా కనబడిన పనిని పక్కన పెట్టేయకూడదు, రూపం మార్చి మళ్లీ ఇవ్వాలి. ఆ పాపకు తడి పలక మీద వేలితో అక్షరం గీసే పని ఇచ్చి, వారం తర్వాత అవే జతలు మళ్లీ చూపారు.