పుల్ల ఐసే నయం

పెళ్లి బంతిలో గడ్డపెరుగు వెనక్కిపోయి ఐస్‌క్రీమ్ ముందుకొచ్చింది. అదైనా విడిగా పెడతారా? పొగలు కక్కే గులాబ్ జామూన్ మీద ఒక ముద్ద, ఫ్రూట్ సలాడ్‌లో ఒక ముద్ద, క్యారెట్ హల్వా పక్కన ఇంకో ముద్ద. తినేలోపే కరిగి విస్తరంతా పారుతుంది. "ఇదే కాంబినేషన్ తాతా, నీకు తెలీదు" అంటాడు మనవడు. నాకు తెలీదా! 2024 డిసెంబరులో భూమి కంపించినప్పుడు తప్ప పెద్దగా పేపర్లకెక్కని ఊరు మా ముండ్లమూరు. ఆ లెక్కన మా ఎండలు ఏటా పేపర్లో పడాలి. ఆ ఎండలో పెరిగినవాడికి చల్లదనం గురించి పాఠాలా?

మా రోజుల్లో రోహిణి కార్తె మధ్యాహ్నం వీధి చివర రబ్బరు హారన్ పాం పాం అంటే, సైకిల్ వెనక చెక్క పెట్టె కట్టుకుని ఐసు అబ్బి దిగినట్టే. పుల్ల ఐసు, పాల ఐసు, కొసన సేమ్యా అంటుకున్న సేమ్యా ఐసు. చేతిలో పైసలు లేకపోతే దోసెడు వేరుశనక్కాయలు, అవీ లేకపోతే పాత ఇనుము. (అమ్మ రోజంతా వెతికిన అట్లకాడ ఏమైందో మాలో ఎవరూ నోరు విప్పలేదు లెండి.)

అది తయారయ్యే చోటు చూసినా మాకు మోజు తగ్గలేదు. ఐసు ఫ్యాక్టరీలో పెద్ద ఉప్పునీళ్ల తొట్టి ఉండేది. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టవు. ఆ తొట్టిని యంత్రంతో చల్లార్చి, అందులో రేకు అచ్చులు దించితే లోపలి తీపినీళ్లు పుల్లతో సహా బిగుసుకునేవి. తీపంటే చక్కెరో, శాకరినో. రంగు సాయంత్రం దాకా నాలుకను వదిలేది కాదు. అదేదో గొప్ప తిండి అని నేననను. కానీ అది రంగునీళ్లని అమ్మేవాడికీ తెలుసు, చీకేవాడికీ తెలుసు.

ఇప్పుడో? మనవడు తెచ్చిన కప్పు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చూశా. పైన పిస్తాపప్పుల బొమ్మలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంది. అంటే పాలకొవ్వు బదులు పామాయిలో, మరో నూనో పడిందన్నమాట. చట్టం ఒప్పుకున్నదే, విషమేం కాదు. ఉత్త ఐస్‌క్రీమ్ అని రాసుకోవాలంటే మాత్రం పాలకొవ్వు నూటికి పది పాళ్లకు తగ్గకూడదు. ఈ తేడా చూపిస్తూ అమూల్ వేసిన టీవీ ప్రకటన మీద 2017లో హిందుస్తాన్ యూనిలీవర్ బొంబాయి హైకోర్టు ఎక్కింది. కంపెనీలు కోర్టుల దాకా పోయిన తేడాని మనం చూడనైనా చూడకుండా చప్పరించేస్తున్నాం.

నాకు కడుపు మండేది ఇక్కడే. పొద్దున్నే పాలకేంద్రంలో క్యాన్ దించితే యంత్రం వెన్న శాతాన్ని చుక్క తర్వాతి అంకెతో సహా చూపిస్తుంది. తగ్గితే తగ్గినంత కోత. "ఏందయ్యా, నిన్న ఏడొచ్చింది, ఇయ్యాల ఆరున్నరేంది?" అని ఆడవాళ్లు నిలదీస్తారు. బర్రెకు పత్తి చెక్క పెట్టి పిండిన పాలకు అంత లెక్క. సాయంత్రం అదే ఇంటికి నూనె కప్పు వస్తే మాత్రం ఫ్యాట్ ఎంతని అడిగేవాళ్లే లేరు.

పైగా గాలి బేరం. గిలక్కొట్టేటప్పుడు గాలి ఎక్కించకపోతే ఐస్‌క్రీమ్ చెంచా దిగనంత గట్టిపడుతుంది, అది నిజమే. అందుకే అమ్మేది గ్రాముల్లో కాదు, మిల్లీలీటర్లలో. లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగితే చాలంటుంది నిబంధన. సగం గాలి నింపిన క్యాన్ నేను పాలకేంద్రానికి మోసుకుపోతే ఊరుకుంటారా?

ఇక కరెంటు సంగతి. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు, కరెంటు పోయినప్పుడు కరిగి, వచ్చాక మళ్లీ గడ్డకడితే లోపల మంచు పలుకులు పెరుగుతాయి. నోట్లో ఇసుక పడ్డట్టుంటుంది. "క్రంచీగా ఉంది తాతా" అంటాడు మావాడు.

ఐస్‌క్రీమ్ మానేయమని చెప్పను, చెప్పినా వినేదెవరు! కొనేముందు కప్పు ఒకసారి తిప్పి చూడండి. పాలకేంద్రంలో నిలదీసినట్టే కొట్టు దగ్గరా అడగండి: ఇందులో ఫ్యాట్ ఎంత, అది పాలదా, నూనెదా?