దరిద్రుల రిజిస్టరు

చిత్తూరు, తిరుపతి, పలమనేరు పట్టణములలో ఏ కతోలిక విచారణకు బోయినను, ఆదివారపు పూజ ముగిసి జనులు చెప్పులు వెదకికొనుచున్న వేళ, చంకలో నల్లని రిజిస్టరుతో గుడివాకిట నిలిచి, నిరుపేద యెవడైన తన కంటబడునా యని తేరిపార జూచుచుండు పెద్దమనుష్యుడొకడు తప్పక యుండును. రెవెన్యూశాఖలో ముప్పదియేండ్లు కొలువుచేసి విశ్రాంతి గైకొన్న యీతడు, పునీత విన్సెంట్ డి పాల్ సభలో జేరిన దినముననే పరోపకారమునకు సైత మొక ఫైలు తెరచినవాడు.

ఆ సభను 1833లో ప్యారిసు నగరమున ఫ్రెడరిక్ ఓజనాం అను ఇరువదియేండ్ల విద్యార్థి తన చెలికాండ్రతో గూడి స్థాపించెను. సభ్యులు ఇద్దరిద్దరుగా పేదల యిండ్లకు బోవలయును. సమావేశమున సంచి తిరుగునప్పుడు ఎవరెంత వేసిరో ఎవరికిని దెలియరాదు. ఈ రెండవ కట్టుబాటే మనవాని కంటిలో నలుసు. నోటు సంచిలో బడినచో చప్పుడు గాదు. అందుచేత నతడు శనివారమే నోటును అంగడిలో మార్పించి, పదిరూపాయల బిళ్లలను ఒక్కొక్కటిగా, నడుమ నడుమ దగ్గుచు జారవిడుచును.

విభూది బుధవారమున నొసటి బూడిద యారకమునుపే ఇంటిల్లిపాదికిని ఉత్తరువులు జారీయగును. కుమారుడు బియ్యపు మూటలు కట్టవలెను. కోడలు వానిపై అంకెలు వేయవలెను. కూతురు ఫోటోలు దీయవలెను. ఆ ఫోటోలలో దాత ముఖము స్పష్టముగను, గ్రహీత చేతులు మాత్రమును గానవచ్చుట విధి. మూట చేతికి రాకమునుపు గ్రహీత పదునెనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. అందు నాలుగవది: “ఈ దారిద్ర్యము పిత్రార్జితమా, స్వార్జితమా?” ఒక ముసలవ్వ తడుముకొనక, “మా నాయన కాడినించీ మా అనుభవంలోనే ఉండాది సామీ, పట్టా మాత్రం ఇయ్యలా” అనగా, మనవాడు నవ్వక, “పట్టా లేదు” అని వ్రాసికొనెను. తిరుమల కొండమీద 1985 నుండి నిత్యాన్నదానము పేర వచ్చినవారి నెల్ల పంక్తిని కూర్చుండబెట్టి వడ్డించుచుండగా, కొండక్రింద ఐదు కిలోల బియ్యమునకు ఇంతటి విచారణ యేల యని యడుగువారు లేకపోలేదు. అడిగిన వారికి పందొమ్మిదవ ప్రశ్న పడును.

ఈతని భార్య మాత్రము ఏ సభలోను సభ్యురాలు గాదు. పెరటిగోడ కావల గుంతపొంగనాలు పోసి యమ్ముకొను వితంతువుతో, బట్టలారవేయునప్పుడు మాటాడుటయే యామె చేయు గృహసందర్శనము. ఒకనాటి రాత్రి సంగటి వడ్డించుచు ఆమె యిట్లనెను: “ఆయమ్మకు బియ్యంతో ఏం పనండీ? మొగుడు పొయ్యి రెండేండ్లాయె. చావు సర్టిఫికెట్టు లేదని పింఛను ఇయ్యలేదంట. మీకు బాగా వచ్చేది కాగితాల పనే గదా, అది జేసి పెట్టండి.”

ఆ మాట మనవాని ముఖమున వెలిగించిన కాంతిని ఏ ప్రసంగమును వెలిగించియుండలేదు. 1969 నాటి జననమరణ నమోదు చట్టము ప్రకారము ఏడాది దాటిన మరణమును నమోదు చేయుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెనని అతడు ముద్ద మ్రింగకయే వల్లించెను. మరునాటినుండి కచేరీలలో నాతనికి ఎదురులేదు. “రేపు రండి” యను మాటను ముప్పదియేండ్లు తానే యనియున్నవాడగుటచే, దాని యర్థము ఆతనికంటె బాగుగ నెరిగినవాడు జిల్లాలో లేడు. ఆ వితంతువునకు పింఛను వచ్చెను.

పిదప ఇంటి తీరే మారినది. తిరుపతి రుయా ఆసుపత్రిలో చీటీ వ్రాయించుటకు, ఆరోగ్యశ్రీ కాగితములు సరిచూచుటకు, వేలూరు పెద్దాసుపత్రికి బోవు రోగిని చిత్తూరులో బస్సెక్కించి వెంట బోవుటకు జనులిప్పు డీతనినే వెదకికొని వత్తురు. కోడలు అంకెలు వేయుట మాని, తల్లి ఆసుపత్రిలోనున్న పిల్లలకు అన్నము పెట్టుచున్నది. కుమారుడు మోటారుసైకిలుపై ముసలివారిని దింపివచ్చును. ఎవ్వరును ఫోటో దీయుట లేదు. దీయుమని మనవాడు అప్పుడప్పుడు అడుగుటయు, కూతురు వినబడనట్లు నటించుటయు గలదు. అహంకారము చచ్చినదని నేననను; అది కూడ వరుసలో నిలుచుట నేర్చినది.

ఇట్టివాడు మీ విచారణలో నున్నచో, దయచేసి బియ్యము పంచు పని అతని కప్పగింపకుడు. ఒక దరఖాస్తు చేతికిచ్చి పంపుడు. ఏ యింటికి బోవలయునో మాత్రము ముందుగా ఆయన భార్య నడుగుడు.